క్రోషే అల్లిక: పదిహేను కుట్లతో మొదలుపెడదాం

నాకు క్రోషే మొదట నేర్పింది నరసాపురం దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ. వేసవి సెలవులకి వెళ్తే ఓ మధ్యాహ్నం చేతిలో కొస కొక్కెంలా వంగిన సన్నటి స్టీలు సూది, తెల్లటి లేసు దారం పెట్టి "గొలుసు వెయ్యి" అంది. అరగంట కష్టపడి జానెడు గొలుసు వేశాను. పెద్దమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఇంత బిగించేస్తే సూది ఎక్కడ దూరుద్దే?" అని సూది తీసేసి కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. సర్రుమని మొత్తం విడిపోయింది. నేను ఏడుపు మొహం పెడితే, "పోయిందేముంది, దారం ఇక్కడే ఉందిగా" అంది.

క్రోషే గురించి ముందు తెలియాల్సింది అదే. రెండు సూదులతో అల్లే స్వెటర్‌లో వరుస మొత్తం సూది మీదే ఉంటుంది, ఒకటి జారితే గుండె జారినట్టే. క్రోషేలో అలా కాదు. ఎంత పెద్ద దుప్పటి అల్లుతున్నా ఒక కుట్టు పూర్తయ్యేసరికి సూది మీద మిగిలేది ఒక్క లూపే. దాన్ని వదిలి లాగితే తప్పు చేసిన చోటు దాకా విప్పుకుని, మళ్లీ సూది దూర్చి మొదలుపెట్టొచ్చు. అందుకే కింద చెప్పేదంతా కనీసం మూడుసార్లు విప్పుతాననుకునే చేయండి.

కొనాల్సినవి

నేను మొదలుపెట్టినట్టు మాత్రం మొదలుపెట్టకండి. సన్నటి లేసు దారం చేయి తిరిగాక. ముందు లావు దారం కావాలి. దారం లావుని మన షాపుల్లో ప్లై లెక్కన చెబుతారు. 8 ప్లై కాటన్ దారం ఒక ఉండ అడగండి, 50 గ్రాములు చాలు. ఊలు అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం అక్రిలిక్. అది చవక, రంగులు బాగుంటాయి, కానీ మన ఎండల్లో చెమట చేతికి అతుక్కుంటూ చిరాకు పెడుతుంది. పైగా సాగుతుంది కాబట్టి మీరు బిగించారో వదులు చేశారో తెలియనివ్వదు. కాటన్ సాగదు, తప్పుని అప్పుడే చూపిస్తుంది.

రంగు లేతగా ఉండాలి. లేత పసుపో ఆకాశనీలమో అయితే కుట్లు విడివిడిగా కనిపిస్తాయి. నలుపు, ముదురు నీలం తీసుకుంటే సూది ఎక్కడ దూర్చాలో కనపడక ట్యూబ్‌లైటు కింద కూర్చుని కళ్లు నలుపుకోవాలి. బొచ్చు బొచ్చుగా ఉండే దారం ముద్దొస్తుంది కానీ విప్పబోతే చిక్కుపడి పీచుపీచవుతుంది.

సూది 4 మిల్లీమీటర్లది, అల్యూమినియంది. సైజు సూది మధ్యలో చదునుగా ఉండే చోట చెక్కి ఉంటుంది, బొటనవేలు ఆనించేదీ అక్కడే. ఆన్‌లైన్‌లో రంగురంగుల డబ్బాలో నలభై వస్తువుల సెట్లు కనిపిస్తాయి. ఇప్పుడే వద్దు. ఒక్క సూది చాలు. కొనేటప్పుడు కొక్కెం లోపలి అంచుని వేలితో తడమండి. గరుగ్గా ఉంటే దారం పోగులు పట్టుకుంటుంది.

ఇవి కాక ఒక కత్తెర, కన్ను పెద్దదిగా మొన మొద్దుగా ఉండే సూది ఒకటి, రెండు పిన్నీసులు. పిన్నీసులు ఎందుకో తర్వాత చెబుతాను. టైలరింగ్ సామాను, లేసులు, బొత్తాలు అమ్మే షాపుల్లో ఇవన్నీ దొరుకుతాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్ల అయితే దారాన్ని చేత్తో పట్టి చూసి కొనుక్కోవచ్చు.

పని ఎడమ చేతిది

కుడి చేత్తో సూదిని పెన్సిల్‌లా పట్టుకోవచ్చు, కూరగాయలు తరిగే చాకులా గుప్పిట్లోనూ పట్టుకోవచ్చు. రెండూ సరైనవే, ఏది హాయిగా ఉంటే అది. అసలు కష్టం ఎడమ చేతిది. దారాన్ని సమానంగా వదలాల్సింది ఆ చెయ్యి.

ఉండ నుంచి వచ్చే దారాన్ని ఎడమ చేతి చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టండి. పక్క రెండు వేళ్ల కింద నుంచి తెచ్చి చూపుడు వేలి మీదుగా బయటికి తీయండి. ఇప్పుడు చూపుడు వేలు కాస్త ఎత్తితే దారం బిగుస్తుంది, దించితే వదులవుతుంది. బొటనవేలు, మధ్యవేలు అల్లినదాన్ని పట్టుకుంటాయి. మొదటి రోజు ఇది వేళ్లకి సంకెళ్లు వేసినట్టే ఉంటుంది. చిటికెన వేలి చుట్టు ఊడిపోతుంటే రెండు చుట్లు వేయండి, బిగుసుకుపోతుంటే చుట్టు తీసేసి వేళ్ల సందుల్లోంచి మాత్రమే పోనివ్వండి.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పి చేసుకోవాలి. కుడిచేతి వీడియోలు చూస్తూ అవస్థ పడకండి, ఎడమచేతి వాళ్ల కోసం చేసినవే వెతకండి. వీడియో ఎవరిదైనా వేగం సగానికి తగ్గించి చూడటం మేలు.

జారుముడి, గొలుసు

దారం కొస జానెడు వదిలేయండి. అక్కడ దారంతో ఒక చుట్టు వేసి, ఉండవైపు దారాన్ని ఆ చుట్టులోంచి చిన్న లూపులా బయటికి లాగండి. కొస పట్టుకుని లాగితే ముడి పడుతుంది, ఉండవైపు లాగితే లూపు చిన్నదవుతుంది. ఇదే జారుముడి. లూపుని సూదికి తొడిగి, సూది మెడ మీద అటూ ఇటూ జారేంత వదులుగా ఉంచండి.

ఇక గొలుసు. దారం సూది వెనక నుంచి పైకి వచ్చి ముందుకి పడాలి. అలా పడిన దారాన్ని కొక్కెంతో పట్టి, సూది మీదున్న లూపులోంచి బయటికి లాగండి. ఒక గొలుసు పడింది. ఇంతే, దీన్నే మళ్లీ మళ్లీ. లాగేటప్పుడు కొక్కెం మొహం కిందికి, కొంచెం మీ వైపుకి తిప్పితే లూపుకి తట్టుకోకుండా జారి వస్తుంది. నేలబావిలోంచి చేద లాగినట్టు లాగకండి. మణికట్టు కొంచెం తిరిగితే చాలు.

కొత్తవాళ్ల గొలుసు బిగిసిపోవడానికి కారణం ఒకటుంది. లూపుని సూది మెడ లావు ఉన్న చోట కాకుండా కొక్కెం దగ్గర సన్నటి భాగం మీదే బిగిస్తారు. అక్కడ బిగిస్తే 4 మిల్లీమీటర్ల సూదితో 2 మిల్లీమీటర్ల కుట్టు పడుతుంది. ప్రతి లూపునీ వెనక్కి, లావు భాగం మీదికి జరిపాకే తర్వాతది వేయండి. అయినా బిగుస్తుంటే గొలుసు మటుకు 5 మిల్లీమీటర్ల సూదితో వేసుకునేవాళ్లూ ఉన్నారు, సిగ్గుపడేదేం లేదు.

నలభై యాభై గొలుసులు వేసి విప్పండి. మళ్లీ వేయండి. జడలా ఒకే సైజులో వస్తుంటే లెక్కకి రండి. గొలుసుని ముందు వైపు నుంచి చూస్తే ఒక్కోటి ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో ఉంటుంది. ఆ వీలే లెక్క. జారుముడిని లెక్కపెట్టరు, సూది మీదున్న లూపునీ లెక్కపెట్టరు. ఈ రెండింటి దగ్గరే అందరి లెక్కా తప్పుతుంది.

సింగిల్ క్రోషే: మొదటి చతురస్రం

ఇప్పుడు 16 గొలుసులు వేయండి. పదిహేను కుట్లకి, ఒకటి మలుపుకి.

సూది పక్కనున్న మొదటి గొలుసు వదిలేసి రెండోదాంట్లో సూది దూర్చండి. దారం పట్టి ఆ గొలుసులోంచి బయటికి లాగండి. సూది మీద రెండు లూపులు ఉంటాయి. మళ్లీ దారం పట్టి ఆ రెండింట్లోంచీ ఒకేసారి లాగండి. ఒక సింగిల్ క్రోషే పూర్తయింది. తర్వాతి గొలుసులో ఇంకొకటి. అలా చివరిదాకా వెళ్తే 15 రావాలి.

నిజం చెప్పాలంటే క్రోషే మొత్తంలో కష్టమైనది ఈ మొదటి వరుసే. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, గొలుసు వానపాములా మెలికలు తిరుగుతుంది, సూది దూరదు. చాలామంది ఇక్కడే విసుగొచ్చి మానేస్తారు. రెండో వరుసకి వెళ్లేసరికి వేళ్లకి పట్టు దొరుకుతుంది, మూడోదానికి బట్టలా అనిపిస్తుంది. ఆ రెండు వరుసల దాకా ఓపిక పట్టండి.

వరుస చివర ఒక గొలుసు వేసి, పనిని పుస్తకంలో పేజీలా తిప్పండి. ఆ ఒక్క గొలుసు ఎత్తు కోసమే, కుట్టుగా లెక్కలోకి రాదు. ఇప్పుడు కింది వరుస పైన మళ్లీ వీలు వరసగా పడుకుని కనిపిస్తాయి. వీకి ఉన్న రెండు కాళ్ల కిందుగా సూది దూర్చి, మొట్టమొదటి కుట్టులోనే మొదలుపెట్టండి. ఒక్క కాలి కింద దూరిస్తే తప్పేం కాదు, కానీ బట్ట మీద గీతలు గీతలుగా పడుతుంది. డిజైన్ కోసం అలా కావాలనే చేసేవాళ్లూ ఉంటారు. మీరిప్పుడు రెండూ పట్టండి.

పిన్నీసుల పని ఇక్కడే. ప్రతి వరుసలో మొదటి కుట్టుకి ఒకటి, చివరి కుట్టుకి ఒకటి పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు పిన్నీసు ఉన్న చోట తప్పకుండా కుట్టు వేసి, పిన్నీసుని కొత్త కుట్టుకి మార్చండి. ఇది చేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నా మొదటి చతురస్రం 15 దగ్గర మొదలై పదో వరుసకి 11కి దిగింది, చూస్తే అట్లకాడలా ఉంది. చివరి కుట్టు అంచున ముడుచుకుని దాక్కుంటుంది, వరుస అయిపోయిందనుకుని తిరిగేస్తాం. కొందరికి రివర్సు, ఒకే కుట్టులో తెలియకుండా రెండుసార్లు దూర్చి వెడల్పవుతూ పోతుంది. కొన్నాళ్లు ప్రతి వరుసా నోటితో లెక్కపెట్టండి. పక్కన ఎవరైనా మాట్లాడిస్తే వరుస పూర్తయ్యాకే జవాబివ్వండి.

చతురస్రం ఎన్ని వరుసలకి అవుతుందన్నది మీ చెయ్యి బిగువుని బట్టి ఉంటుంది. స్కేలు అక్కర్లేదు. ఒక మూలని ఎదురు మూల మీదికి, సమోసాలా మడవండి. అంచులు కలిస్తే చతురస్రం వచ్చినట్టే.

డబుల్ క్రోషే

సింగిల్ క్రోషే దట్టంగా, పొట్టిగా ఉంటుంది. డబుల్ పొడుగు, పని తొందరగా సాగుతుంది, బట్ట మెత్తగా వాలుతుంది.

తేడా ఏమిటంటే, సూదిని కుట్టులో దూర్చకముందే దారం ఒకసారి సూదికి చుట్టాలి. తర్వాత దూర్చి, దారం పట్టి బయటికి లాగితే సూది మీద మూడు లూపులు. దారం పట్టి మొదటి రెండింట్లోంచి లాగండి, రెండు మిగులుతాయి. మళ్లీ పట్టి ఆ రెండింట్లోంచి లాగండి. పెద్దమ్మ దీన్ని "చుట్టు, దూర్చు, లాగు, రెండు, రెండు" అని పాటలా పాడించేది. ఆ మూడు లూపుల్లోంచీ ఒకేసారి లాగేస్తే అది హాఫ్ డబుల్, సింగిల్‌కీ డబుల్‌కీ మధ్య ఎత్తులో ఉంటుంది.

పదిహేను డబుల్స్ కావాలంటే 17 గొలుసులు వేసి, సూది నుంచి నాలుగోదాంట్లో మొదలుపెట్టాలి. వదిలేసిన మూడు గొలుసులూ కలిసి ఒక డబుల్ కింద లెక్క. మిగిలిన 14లో 14 వేస్తే మొత్తం 15. వరుస తిరిగినప్పుడల్లా మూడు గొలుసులు వేస్తారు, అవే ఆ వరుసకి మొదటి కుట్టు. అందుకని కింది వరుసలోని మొదటి కుట్టు వదిలేసి రెండోదాంట్లో వేయాలి. ఇటు మొదట్లో వదిలినందుకు, అటు చివర్లో కింది వరుస మూడు గొలుసుల పైభాగంలో ఒక కుట్టు తప్పకుండా పడాలి. అది కుట్టులా కనపడదు, పక్కన వేలాడే తాడులా ఉంటుంది. దాన్ని మర్చిపోతే మళ్లీ అట్లకాడే.

ఇంకో గుట్టు. ఇంగ్లండ్ వాళ్ల లెక్కలో పేర్లు వేరు. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్ని ఇంగ్లండ్‌లో డబుల్ అంటారు, అమెరికా డబుల్‌ని ట్రెబుల్ అంటారు. నేను ఇక్కడ అమెరికా పేర్లే వాడాను. చేతికొచ్చిన ప్యాటర్న్‌లో ఎక్కడైనా సింగిల్ క్రోషే అని కనిపిస్తే అది అమెరికాదే, ఎందుకంటే ఇంగ్లండ్ పద్ధతిలో సింగిల్ అనే కుట్టే లేదు. ఈ గొడవ లేకుండా ఉండాలంటే గుర్తులతో గీసిన చార్టులు చూడటం నేర్చుకోండి. చిన్న కోడిగుడ్డు ఆకారం గొలుసు, ఇంటూ గుర్తో ప్లస్ గుర్తో సింగిల్, ఆంగ్ల అక్షరం టీకి అడ్డంగా ఒక గీత ఉంటే డబుల్. జపాన్ పుస్తకంలో చార్టయినా భాష రాకుండానే అల్లేయొచ్చు.

గుండ్రం: టీ గ్లాసు కిందికి

నాలుగు గొలుసులు వేసి మొదటిదానితో కలపాలి. కలపడానికి స్లిప్ స్టిచ్ వాడతారు. సూదిని మొదటి గొలుసులో దూర్చి, దారం పట్టి, గొలుసులోంచీ సూది మీది లూపులోంచీ ఒకేసారి లాగేయడమే. చిన్న రింగు వస్తుంది. మూడు గొలుసులు వేసి, కుట్లలో కాకుండా రింగు మధ్య బొక్కలోనే 11 డబుల్స్ వేయండి. మూడు గొలుసులతో కలిపి 12. చివరి కుట్టుని ఆ మూడు గొలుసుల పైభాగానికి స్లిప్ స్టిచ్‌తో కలపండి. దారం కొసని కూడా కుట్ల లోపల కలుపుకుంటూ పోతే తర్వాత దాచే పని తగ్గుతుంది.

రెండో చుట్టుకి మూడు గొలుసులు వేసి, అవి మొలిచిన కుట్టులోనే ఇంకో డబుల్ వేయండి. తర్వాత ప్రతి కుట్టులో రెండేసి, మొత్తం 24. మూడో చుట్టులో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, అలా మార్చి మార్చి వేస్తే 36. ప్రతి చుట్టుకీ పన్నెండు పెరగాలి. అంతకన్నా తక్కువ పెరిగితే అంచులు పైకి లేచి గిన్నెలా అవుతుంది, ఎక్కువైతే వేయించిన అప్పడంలా అలలు తేలుతుంది. గిన్నెలా అవడం తప్పే, కానీ టోపీ అల్లేటప్పుడు అదే కావాలి.

8 ప్లై దారంతో మూడు చుట్లకి దాదాపు అరచేతి వెడల్పు వస్తుంది. టీ గ్లాసు కింద పెట్టడానికి సరిపోతుంది. కాటన్ కాబట్టి వేడికీ తడికీ భయం లేదు. నాలుగో చుట్టు కావాలంటే రెండింట్లో ఒక్కోటి, మూడోదాంట్లో రెండు వేయండి, 48 వస్తాయి.

నరసాపురం లేసులో పెద్ద బల్లగుడ్డలు కూడా చాలావరకు ఇలాంటి గుండ్రాలూ పువ్వులే. ఆ పని 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పారని అక్కడ చెప్పుకుంటారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. విడి ముక్కలు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. చాలాసార్లు అల్లేది ఒకరు, అతికేది మరొకరు. మీరు సన్నదారంతో ఒక్క పువ్వు అల్లి చూడండి, ఎగ్జిబిషన్ స్టాల్‌లో బల్లగుడ్డ ధర విని "కొంచెం తగ్గించండి" అనడానికి ఇక నోరు రాదు.

ఒకసారి కూర్చుంటే ఇరవై నిమిషాలకి మించకండి, మొదటి వారం మరీనూ. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే సూదిని నలిపేస్తున్నారన్నమాట.

కొసలు దాచడం

చివరి కుట్టు అయ్యాక జానెడు దారం వదిలి కత్తిరించి, ఆ కొసని సూది మీది లూపులోంచి పూర్తిగా బయటికి లాగేయండి. ఇక విడిపోదు. కానీ కొసని అక్కడే ముడేసి మొదలంటా కోసేయకండి. రెండు ఉతుకులకి ముడి ఊడుతుంది. మొద్దు సూదికి కొస ఎక్కించి, వెనక వైపు కుట్ల కడుపులోంచి రెండు అంగుళాలు ఒక వైపుకి పోనివ్వండి. అక్కణ్నుంచి ఒక పోగు దాటించి వెనక్కి తిప్పండి, మళ్లీ ఇంకోసారి. మూడు దిక్కులా తిరిగిన కొస ఎటు లాగినా రాదు. మధ్యలో మొదటి కొసకీ అంతే.

తర్వాత నీళ్లలో తడిపి, పిండకుండా తువ్వాల్లో నొక్కి, మంచం మీద తువ్వాలు పరిచి గుండ్రాన్ని సరిగ్గా లాగి చుట్టూ గుండుసూదులు గుచ్చండి. ఆరాక అంచు గీసినట్టు నిలుస్తుంది. కాటన్ అయితే ఇస్త్రీ చేయొచ్చు, లేసు ముక్కలకి గంజి కూడా పెడతారు. అక్రిలిక్ మీద మాత్రం ఇస్త్రీపెట్టె ఆనించకండి, వేడికి కుట్లు చచ్చుబడి మళ్లీ లేవవు.

నా మొదటి గుండ్రం పెద్దమ్మకి చూపించినప్పుడు ముందు వైపు చూడనే లేదు. తిరగేసి, కళ్లజోడు పైకి జరుపుకుని, వేలితో తడుముతూ కొసలు ఎక్కడ దాచానో వెతికింది. ఒకటి దొరికింది. పట్టుకుని లాగితే బయటికి వచ్చేసింది. ఏమీ అనకుండా మొద్దు సూది నా చేతికిచ్చింది.